నంబరు లేని గేరుబాక్సు

మధ్యాహ్నం నుంచి ముసురు వదల్లేదు. షెడ్డు రేకుల మీద చినుకులు తీరిగ్గా పడుతున్నాయి. అందరూ పానా అని పిలిచే మెకానిక్, తుక్కు కొట్టు నుంచి తెచ్చిన గేరుబాక్సు ముందు గొంతుక్కూర్చున్నాడు. దాన్ని వాళ్ళ బావ ముసలి లారీకి బిగించాలి. బావ స్టీరింగ్ పట్టిన ప్రతిసారీ, ఆయన్ని క్షేమంగా అక్క దగ్గరికి చేర్చే పూచీ తనదే అనుకుంటాడు పానా.

పెట్టె మీది నంబరు పలకని ఎవరో ఉలితో చెక్కేశారు. పానా ఊరుకునే రకమా? బోల్టు రంధ్రాలు కొలిచాడు, షాఫ్టు పళ్ళు లెక్కపెట్టాడు, చేత్తో తిప్పి చూశాడు. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

ఒక్కటే నచ్చలేదు. పెట్టె ఇంకా మూడో గేరులోనే ఉంది. అంటే బండి నడుస్తూ నడుస్తూ, డ్రైవరు గేరు తీసే వ్యవధైనా లేకుండా, అక్కడే ఆగిపోయిందన్నమాట. అలాంటి పెట్టెని పాత ఆయిలు చివరి బొట్టు దాకా కార్చి, ఒక రాత్రంతా మూత తీసి బోర్లించాకే బిగించాలని అతని గురువు పెట్టిన ఆనవాయితీ. ఎందుకని అడిగితే ఆయన మాట మార్చేవాడు.

"నీ శాస్త్రాలు తర్వాత బామ్మర్దీ. చీకటి పడేలోపు రమ్మంది మీ అక్క," అన్నాడు బావ. "ఆయిలు బాగానే ఉందిగా, ఉండనీ."

పానా వేలు ముంచి చూశాడు. ఆయిలు శుభ్రంగానే ఉంది. వాసన మాత్రం ఎవరో విడిచిన చొక్కాలా, చెమట వాసన. బావ మాట కాదనలేక మూత బిగించి, పెట్టెని లారీకి ఎక్కించేశాడు.

పొద్దు వాలేవేళకి ట్రయలుకి బయల్దేరారు. గేర్లు వెన్నలా పడుతున్నాయి. ఇంటి మలుపు దగ్గర గేరు రాడ్డు టక్కున మారింది.

"క్లచ్ తొక్కకుండా ఎలా వేశావు బావా?"

"నేను వెయ్యలేదురా," అన్నాడు బావ. "నా చేతులు రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి."

క్లచ్ పెడలు దానంతటదే కిందికి దిగింది... పైకొచ్చింది. తొందర లేదు. తడబాటు లేదు. ఎవరో చెయ్యి తిరిగిన డ్రైవరు.

ఇంటి మలుపు వెనకపడింది. బావ తాళంచెవి లాగేశాడు. ఇంజను ఆగింది. లారీ ఆగలేదు. తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు, కాళ్ళ కింద గేరుబాక్సు సన్నటి మూలుగు... అంతే. పానా రాడ్డు పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. కదల్లేదు. తను బిగించిన ప్రతి బోల్టూ గట్టిగానే ఉంది. ఏడుపొచ్చింది.

"దూకేద్దాం బావా," అని గొణిగాడు.

బావ చేతులు తెలిసిన దారిలో వెళ్తున్నట్టు ఏదో సందులోకి స్టీరింగ్ తిప్పాయి.

సున్నం రాలిన ఇంటి ముందు లారీ ఆగింది. తువ్వాలు పట్టుకుని ఒక ముసలామె తలుపు తీసింది.

"ఇంత ఆలస్యమా నాయనా? లోపలికి రా, తడిసిపోతావు."

బావ దిగాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచాడు. పానా వెనకే పరుగెత్తి చెయ్యి పట్టుకుంటే, దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసి విడిపించుకున్నాడు. తలుపు మూసుకుంది. ఎంత బాదినా తెరుచుకోలేదు.

ఫోను మోగింది. అక్క.

"ఏరా, ఎక్కడున్నావు? మీ బావ ఇందాకే వచ్చేశారు."

పానా మూసిన తలుపు వంక చూశాడు. అక్క గొంతు గుసగుసగా మారింది.

"తమ్ముడూ... ఈయనకేమైందిరా? ఎవరిదో చొక్కా వేసుకొచ్చినట్టు చెమట వాసన. చీకట్లో నిలబడి, లైటు స్విచ్చి ఎక్కడుందని నన్నడుగుతున్నారు."