ఎర్ర చుక్కల నేరం

నబ్విరే డిటెక్టివ్ గదికి వచ్చేసరికి జింజా ఊరి బజారులో వాన దంచికొడుతోంది. తడిసి ముద్దయినా కుర్చీలో కూర్చోలేదు.

"రేపు నన్ను పోలీసులకి అప్పగిస్తారటమ్మా! సరస్సు లంకల్లోని ఆస్పత్రుల నెట్ లైన్లన్నీ నేనే తెంపానట. అందరి ముందూ 'దొంగా' అని అరిచాడు మా ఆస్పత్రి కంప్యూటర్లు చూసే ఇసబిర్యే సారు. మా అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు."

డిటెక్టివ్ క్యోముగిషా టీ కప్పు ఆమె వైపు జరిపింది. "నీ మీదే ఎందుకమ్మా అనుమానం?"

"సోమవారం సర్వర్ గదిలో బ్యాటరీలు మార్చింది నేనే. సాయంత్రానికి, ఏ లైను నడుస్తోందో చూపే వెబ్ పేజీలో చుక్కలన్నీ ఎర్రబడ్డాయి. ఎరుపంటే లైను చచ్చినట్టు."

"మరి లంకల్లో పని ఆగిందా?"

"లేదమ్మా, నర్సులు ఎక్స్‌రేలు పంపుతూనే ఉన్నారు. సారు తన చేత్తో పింగ్ కొట్టి 'ఉన్నావా' అని పిలిస్తే అన్నీ పలుకుతాయి. తాను చూస్తున్నప్పుడు నేనే కలిపి, లేచి వెళ్ళగానే తెంపేస్తున్నానంటాడు."

"అబ్బో, గొప్ప మంత్రగత్తెవే!" అన్నాడు అసిస్టెంటు వందేరా. క్యోముగిషా చూసిన చూపుకి గొడుగు తీసుకోవడానికి లేచాడు.

ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. ఇసబిర్యే గడ్డం పైకెత్తుకునే మాట్లాడాడు. చదువుకున్నవాడే, కానీ ఆ పొగరు చూస్తే ఒళ్ళు మండుతుంది.

"నేను అడ్మిన్‌ని. ఈ సర్వర్లో నాకు తెరుచుకోని తలుపు లేదు."

"ఈ చివరి ఎర్ర చుక్క ఎవరిదండీ?" తెర మీది పేజీ చూపిస్తూ అడిగింది క్యోముగిషా.

"ఈ పేజీని చూపిస్తున్న సర్వర్‌దే."

"చచ్చినవాడే వచ్చి తన చావు కబురు చెబుతున్నాడా? సోమవారం మీరేం చేశారు?"

"వైరస్ హెచ్చరిక వచ్చింది. అక్కర్లేని అనుమతులు తీసేశాను. మామూలు పనే."

"పెద్ద డాక్టరు గారిని, మీ వాళ్ళందరినీ పిలవండి," అంది క్యోముగిషా.

అందరూ చేరారు. నబ్విరే గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. క్యోముగిషా తెర పక్కకి వెళ్ళి వివరించింది.

"సారు పింగ్ కొడితే అడ్మిన్ పేరుతో వెళుతుంది, ఎవరూ ఆపరు. పేజీలో చుక్కల రంగు మార్చే చిన్న ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, మాత్రం వెబ్ సర్వర్ పేరుతో నడుస్తుంది. దానికున్న అధికారం చాలా తక్కువ. సారూ, ఆ పేరుతోనే ఒకసారి పింగ్ కొట్టండి."

ఇసబిర్యే విసుగ్గా టైపు చేశాడు. తెర మీద ఒకటే ముక్క పడింది: అనుమతి లేదు.

"స్క్రిప్టుకి సోమవారం నుంచీ ఇదే జవాబు. లంకలు పలకడం మానలేదు, అసలు వాటిని పిలవనివ్వలేదు. ఆ స్క్రిప్టేమో వచ్చిన జవాబు చదవకుండా పారేసి, పింగ్ కుదరకపోతే చాలు, ఎర్ర చుక్క పెట్టేస్తుంది. దాన్ని రాసిందెవరు?"

"నేనే," అన్నాడు ఇసబిర్యే. గడ్డం కిందికి దిగింది.

"అనుమతి తీసిందీ మీరే. అంతా అడ్మిన్ పేరుతోనే సరిచూసుకున్నారు. ఇందులో దొంగెవరూ లేరు."

ఇసబిర్యే స్క్రిప్టుకి పింగ్ వరకే అనుమతి తిరిగి ఇచ్చాడు. చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి. వందేరా చప్పట్లు కొట్టబోయి, ఇసబిర్యే ముఖం చూసి ఆగిపోయాడు. పాపం, తలెత్తలేకపోతున్నాడు.

ఆడవాళ్ళు మోకరిల్లి మగవాళ్ళని పలకరించే ఊరది. ఆయన అందరి ముందూ నబ్విరే దగ్గరికి నడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తప్పు నాది తల్లీ. చెయ్యని నేరం నీకంటగట్టాను. మీ అమ్మగారి దగ్గరికి నేనే వచ్చి చెబుతాను."

"లేవండి సారూ, నాకు సిగ్గేస్తోంది!" అంటూ నబ్విరే ముఖం కప్పుకుని ఏడ్చేసింది.