టైగరుకు కూడు పెట్టిందెవరు

బెజవాడ గవర్నరుపేట వెనక సందులో ఆ పెంకుటింటికి మంచిపేరు ఏనాడూ లేదు. దీపాలు పెట్టే వేళయితే చాలు, పెరట్లోంచి ఆడమనిషి గొంతు వినిపించేదట. ఏడుస్తుందని కొందరు, నవ్వుతుందని కొందరు. ఏమంటోందో నిలబడి విన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు... అద్దెకు దిగినవాళ్లు నెల తిరక్కుండానే మూటాముల్లె సర్దుకునేవారు.

అలాంటి ఇంటిని జవుళి వ్యాపారి ఆదిశేషయ్య కొన్నాడు. ధైర్యం ఉండి కాదు, కారుచవగ్గా వచ్చిందని. "దెయ్యాలేమిటండీ, బుద్ధిలేని మాటలు!" అని కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెబుతూనే, రాత్రిళ్లు తోడుంటుందని ఓ కుక్క కోసం ఊరంతా వాకబు చేయించాడు.

కుక్కలంటే ఆయనకు ప్రేమా? అబ్బే! పక్కవీధి ప్లీడరుగారింట్లో ఒకటుంది. అంతకంటే పెద్దది తన గుమ్మంలో ఉండాలి. అంతే.

రైల్వే క్వార్టర్లలో ఓ గార్డు దొర తన కుక్కల్ని అమ్ముతున్నాడని తెలిసి వెళ్లాడు. దొరసాని బుద్ధిగా కూర్చున్న ఓ పొట్టికుక్కను చూపించి, "మీది చిన్న ఇల్లు కదా, ఇది సరిపోతుంది. నెమ్మదైనది," అంది. ఆదిశేషయ్య పెదవి విరిచాడు. మూలన నిలబడ్డ పెద్ద ఆల్సేషన్ కుక్కను చూపించాడు.

"దానికి మాంసం పెట్టాలి," అంది దొరసాని తన వచ్చీరాని తెలుగులో. "రెండు పూటలా తిప్పాలి. తినేటప్పుడు మాత్రం దగ్గరికి పోకూడదు."

"మా ఇంట్లో నీచు గుమ్మం తొక్కదమ్మా. మేం తిన్నదే అదీ తింటుంది."

ఆ తిండి కూడా ఏపాటి తిండి? మిగిలిపోయిన పులుసన్నం, గిన్నె అడుగున అంటుకున్న మాడు మెతుకులు. పైగా కుక్కకు కారం పెడితే పౌరుషం పుడుతుందని ఎవడో చెప్పాడట. గుప్పెడు మిరప్పొడి కలిపి మరీ పెట్టేవాడు. పెరట్లో జామచెట్టుకు గొలుసుతో కట్టేశాడు. తిప్పడం లేదు, ఒళ్లు నిమరడం లేదు. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, చేతికర్రతో దాని డొక్కలో పొడిచి, అది గుర్రుమంటే మురిసిపోయేవాడు.

"చూడవే, మన టైగరు!"

"దాని పక్కటెముకలు చూస్తున్నానండీ," అనేది భార్య చౌడేశ్వరమ్మ. "కాస్త పెరుగన్నమన్నా పెట్టనివ్వండి."

"నీకేం తెలుసు? కడుపు నిండితే పడుకుని నిద్రపోతుంది."

అది నలభై రెండో సంవత్సరం వేసవి. విశాఖపట్నం మీద జపానువాడు బాంబులేశాడన్న కబురొచ్చింది. రేపోమాపో బెజవాడ వంతంటూ జనం ఊరు వదిలి పారిపోవడం మొదలెట్టారు. దెయ్యాలకు జడవని మన ఆదిశేషయ్య, పెళ్లాం కంటే ముందే బస్సెక్కి సీటు పట్టుకున్నాడు.

"టైగరో?" అంది చౌడేశ్వరమ్మ కిటికీలోంచి ఇంటివైపు చూస్తూ.

"కాపలాకే కదే కొన్నది? కాయనీ."

బయల్దేరే ముందే ఓ బేసిన్నిండా అన్నం పోసి, గొలుసు బిగించి, వీధి తలుపుకు తాళం వేసి వచ్చాడు మహానుభావుడు.

పామర్రులో అత్తగారింటి అరుగు మీద కూర్చుని రోజూ అవే గొప్పలు. పులిలాంటి కుక్కను కాపలా పెట్టి వచ్చాననీ, దాన్ని చూస్తే దొంగల గుండెలు ఆగిపోతాయనీ.

"మరి దానికి కూడెవరు పెడుతున్నారోయ్?" అని అడిగాడు మామగారు.

"పక్కింటి శౌరమ్మకు అప్పజెప్పి వచ్చానండి."

పచ్చి అబద్ధం. శౌరమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు.

భయం తగ్గి జనం తిరిగి వస్తున్నారని తెలిసేసరికి చాలా రోజులు గడిచిపోయాయి. ముందు తానొక్కడే బయల్దేరాడు. బెజవాడలో దిగేసరికి పొద్దుగూకింది. యుద్ధం రోజులు కదా, వీధి దీపాలకు నల్లరంగు పూశారు. జట్కా జక్కయ్య బండి తీసుకెళ్లి సందు మొగలోనే ఆపేశాడు.

"ఇక్కడే దిగండి బాబూ. లోపలికి గుర్రం రాదు."

"గుర్రం రాదా, నువ్వు రావా?"

"ఇద్దరం రామండి." జక్కయ్య గొంతు తగ్గించాడు. "మీ పెరట్లో... ఈ వేళకే... రోజూ వినపడతందండి."

"పిరికి సన్నాసి!" అని విసుక్కుంటూ దిగాడు ఆదిశేషయ్య.

తాళం తీసే ముందు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. లోపల ఏ కంపు కొడుతుందో ఆయనకు తెలుసు. తెల్లారగానే పాకీవాణ్ణి పిలిచి లాగించేయాలని దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాడు.

తలుపు తీశాడు.

కంపు లేదు.

చీకట్లో గోడ తడుముకుంటూ వంటింటి దాకా వెళ్లాడు. అక్కడ ఆగిపోయాడు. పెరట్లో... ఏదో కరకరా నములుతున్న చప్పుడు. ఎముక పటుక్కున విరిగింది. ఆ వెంటనే, గాలిలా మెత్తగా ఓ గొంతు—

"తిను... మెల్లగా తిను నాయనా... ఇంకా ఉంది..."

ఆదిశేషయ్య వంటింటి గోడకు కరుచుకుపోయాడు.

ఉన్నట్టుండి బుర్ర వెలిగింది. శౌరమ్మ! ఇంకెవరు? గోడ దిగి వచ్చి ఉంటుంది! భయం పోయిందో లేదో, కోపం తన్నుకొచ్చింది. నీచు! తన పెరట్లో!

దొడ్డితలుపు భళ్లున తీశాడు. జామచెట్టు కింద తెల్లచీర మనిషి ఒకామె, తల నిండా ముసుగుతో వంగి ఉంది.

"ఏయ్ శౌరమ్మా!"

ఆమె వెనక్కి తిరగలేదు. కుక్క వీపు ఒక్కసారి నిమిరింది. నెమ్మదిగా గోడవైపు నడిచింది... చీకట్లో కలిసిపోయింది.

టైగరు తింటోంది. మసక వెన్నెల్లో ఒళ్లు నున్నగా నిగనిగలాడుతోంది. పక్కటెముకలు కనిపించడం లేదు. తన కుక్క, తననే లెక్కచేయకుండా తింటోంది! ఆదిశేషయ్యకు తల కొట్టేసినట్టయింది. గబగబా వెళ్లి దాని మూతి కిందనున్న మట్టిమూకుడు పట్టుకుని లాగాడు.

అది గుర్రుమంది.

"నేనేరా, నీ యజమాన్ని—"

మాట పూర్తికాలేదు. మోచేతి కింద కండలో కోరలు దిగాయి.

"చచ్చాను దేవుడోయ్!" అంటూ సందు చివరిదాకా పరుగెత్తాడు. బండి తిప్పుకుంటున్న జక్కయ్యే ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు పొడిపించుకోవాలన్నారు. "తింటున్న కుక్క నోటి దగ్గర చెయ్యి పెట్టారా?" అని కాంపౌండరు అడిగితే వార్డంతా నవ్వింది.

తెల్లారాక, చేతికి కట్టుతో శౌరమ్మ గుమ్మం ముందు దిగాడు. ఆవిడ మిషను కుట్టుకుని బతికే మనిషి. పక్కబట్టల మూట అరుగు మీద పెట్టి, తుప్పుపట్టిన తాళంతో తంటాలు పడుతోంది.

"ఏం శౌరమ్మా! నా పెరట్లో దూరి, నా కుక్కకు నీచు పెట్టి, నా మీదికే ఉసిగొల్పుతావా?"

శౌరమ్మ తెల్లబోయింది. "నేనా! కొండపల్లిలో మా చెల్లెలు తెరేసమ్మ దగ్గరుండి ఇప్పుడే రైలు దిగి వస్తున్నానండీ. మీకంటే ముందే వెళ్లిపోయాను..." అంతలో ఆవిడ ముఖం మారిపోయింది. "అయితే టైగర్ని మీరు తీసుకెళ్లలేదా? కట్టేసి పోయారా?"

ఆదిశేషయ్య ఆవిడ చేతిలోని తాళం వైపే చూస్తున్నాడు.

"మరి... రాత్రి... అదెవరు?"

"ఎవరైతేనేం లెండి," అంది శౌరమ్మ. "మీరు కాదుగా."

ఆ పూటే ఆయన మళ్లీ పామర్రు బస్సెక్కాడు. ఇక ఆ సందు మొహం చూడలేదు. టైగర్ని శౌరమ్మ విప్పుకుని తెచ్చుకుంది. పొద్దున్నే కాలువగట్టు దాకా తిప్పేది. పగలు మాంసం కలిపి అన్నం పెట్టేది. అది తినడం ముగించేదాకా దూరంగా కూర్చునేది. నెల తిరిగేసరికి మిషను పక్కనే పడుకుని నిద్రపోయేంత సాధువైంది.

దీపాలు పెట్టే వేళకు మాత్రం, ఆవిడ ఏం పెట్టినా ముట్టేది కాదు. లేచి గోడ దూకి ఖాళీ పెరట్లోకి పోయేది. కాసేపు తోక ఊపుతున్న చప్పుడు, నములుతున్న చప్పుడు... తర్వాత మూతి నాక్కుంటూ తిరిగొచ్చేది.

మొదట్లో శౌరమ్మకు ఒళ్లు జలదరించేదట. పోనుపోను, ఆ పూటకు దానికి వండటమే మానేసిందట.