మ్యాట్ల గదిలో పన్నెండు గుర్రాలు

"చెయ్యి తియ్యండి."

"మీరే తియ్యండి. ముందు పట్టుకుంది నేను."

"ముందు చూసింది నేను. వీధి మలుపులోంచే చూశాను."

"మలుపులోంచి చూసినవాళ్ళందరికీ ఇచ్చుకుంటూ పోతే ఈయనకి కింద పరిచిన దుప్పటి కూడా మిగలదు."

ఆ రోజు ఆ దేశపు రాజుగారి పుట్టినరోజు. డెవెంటర్ ఊరంతా నారింజరంగు బట్టలేసుకుని వీధిన పడింది. ఇంట్లో అక్కర్లేనివన్నీ దుప్పట్ల మీద పరిచి ఎవరికి వాళ్ళు అమ్ముకునే రోజది. వాన కూడా సంత చూడ్డానికి వచ్చినట్టు పొద్దుటినుంచీ వీధుల్లోనే తిరుగుతోంది. ఆ దుప్పటి మీద, పాత వాఫిల్ పెనానికీ చక్రం ఊడిన స్కేటుకీ మధ్య, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ పోనీ గుర్రం ఒకటి ఉంది. దాని జూలు ఎవరో కత్తెరతో ఎడాపెడా కత్తిరించేశారు. వీపు నిండా పెన్ను గీతలు. తల వైపు మారిట్ పట్టుకుంది. తోక వైపు ఒక కళ్ళజోడు కుర్రాడు పట్టుకున్నాడు.

"దీని డెక్క కింద ముద్ర చూశారా? ఈ ముద్రతో వచ్చినవి చాలా తక్కువ. ఏళ్ళ తరబడి వెతుకుతున్నాను," అన్నాడతను.

"వెతకండి. నేనేమైనా వద్దన్నానా?"

దుప్పటి ఆసామి లారీలు నడిపేవాడిలా ఉన్నాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "తమ్ముడూ, అమ్మాయ్, లాగింది చాలు, దాని నడుం విరిగేట్టుంది. తీసుకెళ్ళి ఏం చేస్తారో చెప్పండి. నచ్చినవాళ్ళకి ఇస్తాను."

కళ్ళజోడు కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "అద్దాల బీరువాలో పెడతాను. ఎండ తగలదు, దుమ్ము పడదు. ఇంకో యాభై ఏళ్ళు ఇలాగే ఉంటుంది."

"నేనైతే ఈ జుట్టంతా పీకేస్తాను," అంది మారిట్. "చీకట్లో వెలిగే జుట్టు కుడతాను. ఒంటికి వెలిగే రంగు వేస్తాను. లైటు ఆర్పితే చాలు, గదిలో ఇదొక్కటే కనిపించాలి."

ఆసామి గుర్రాన్ని ఇద్దరి చేతుల్లోంచీ తీసుకున్నాడు. "మా పిల్లకి చీకటంటే భయం. దీన్ని పక్కలో పెట్టుకుని పడుకునేది," అని గుర్రాన్ని మారిట్ చేతిలో పెట్టాడు.

"హత్య! మీరు చెయ్యబోయేది పచ్చి హత్య," అన్నాడు కళ్ళజోడు.

"మీరు చేసేది బతికుండగా పాతిపెట్టడం. దానికంటే హత్యే నయం."

"కనీసం ముద్రని ఫోటో తీసుకోనివ్వండి."

"శనివారం మా ఇంటికి రండి. ముద్రా చూడొచ్చు, హత్యా చూడొచ్చు." మారిట్ చిరునామా చెప్పి చరచరా నడిచింది. వస్తాడని ఆమె అనుకోలేదు. వస్తే బావుండునని కూడా అనుకోలేదు. అలాగని తనకి తాను గట్టిగా చెప్పుకుంది.

అతను వచ్చాడు. పేరు టీమెన్. నగర పత్రాల భాండాగారంలో ఉద్యోగం. నాలుగొందల ఏళ్ళనాటి పటాలకీ దస్తావేజులకీ వెలుతురు సోకకుండా కాపలా కాయడమే పని. మారిట్ పళ్ళ సెట్లు చేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. కట్టుడు పన్నుకి అసలు పన్ను రంగు తెప్పించే చెయ్యి ఆమెది. ఆ చెయ్యే ఇంటికొచ్చి గుర్రాల మీద పడుతుంది.

వంటగది బల్ల మీద ఆమె గుర్రం తలని వేడినీళ్ళలో ముంచింది. ప్లాస్టిక్ మెత్తబడ్డాక ఒక్క తిప్పు తిప్పింది. తల ఊడి చేతిలోకొచ్చింది.

టీమెన్ కళ్ళు మూసుకున్నాడు.

"అయిపోయింది, తెరవండి. రక్తమేం రాలేదు."

పాత జుట్టుని లోపలినుంచి పట్టకారుతో లాగేసింది. ఒక్కో రంధ్రంలో సూదితో కొత్త పోగు దించి ముడేసింది. చూడ్డానికి పాలిపోయిన పసుపు. ఇందులో ఏముందని టీమెన్ మొహం చిట్లించాడు. మారిట్ మిగిలిన పోగుల కట్టని దీపం కింద ఒక నిమిషం పట్టి, అతని చెయ్యి పట్టుకుని చీపుర్లు పెట్టే గోడ బీరువాలోకి లాగి తలుపేసింది. ఇద్దరి మధ్యా ఆకుపచ్చగా జుట్టు వెలిగింది. ఆ వెలుతుర్లో అతని కళ్ళజోడు అద్దాలు, వాటి వెనక పెద్దవైన కళ్ళు కనిపించాయి.

"ఎలా ఉంది?" అంది.

"చీపురు గుచ్చుకుంటోంది," అన్నాడతను. కానీ తలుపు తెరవలేదు.

ఫోటో ఒక్క శనివారంలో అయిపోయే పని. దానికి అతను పదహారు శనివారాలు తీసుకున్నాడు. మీరు అన్నది నువ్వు అయింది. కాఫీ, పక్కన ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేయడం ఆ ఊరి మర్యాద. ఎనిమిదో శనివారానికి ఆ డబ్బాకి మూత పెట్టడం మారిట్ మర్చిపోయింది. ఆ ఊళ్ళో అది చిన్న విషయం కాదు.

ఒక రోజు పళ్ళెంలో బిస్కెట్లు అయిపోయాక ఆమె చెప్పింది. "తొమ్మిదేళ్ళప్పుడు నేను రంగులేసిన గుర్రాన్ని బొమ్మ పోనీలు సేకరించేవాళ్ళ క్లబ్బు ప్రదర్శనకి తీసుకెళ్ళాను. బల్ల దగ్గరున్నావిడ చూసి, పాపా, ఇది గుర్రం కాదు, పాడైన గుర్రం అంది. గోడకానుకుని ఏడ్చాను. ఈసారి క్లబ్బులో సభ్యత్వం తీసుకున్నా. మన చేతుల్తో మార్చిన గుర్రాలకీ హాల్లో బల్ల కావాలని అర్జీ పెట్టా. ఇచ్చేదాకా వదల్ను."

టీమెన్ ఏదో అనబోయి కాఫీ తాగాడు. కప్పులో కాఫీ ఎప్పుడో అయిపోయింది.

ఆగస్టులో క్లబ్బు జవాబు వచ్చింది. కింద అధ్యక్షురాలు హెండ్రికా వైల్డెర్ సంతకం. సెప్టెంబరు ప్రదర్శన రోజు పదకొండింటికి సభ్యుల సమావేశం. అర్జీ మీద చేతులెత్తి ఓటు. హాల్లో మాత్రం ఆ రోజు చోటు లేదు. సభ్యులు చూడాలనుకుంటే జిమ్ మ్యాట్లు పెట్టే గది వాడుకోవచ్చు.

"మ్యాట్ల గదిట!" అని మారిట్ పకపకా నవ్వింది. "కిటికీల్లేని గది. వెలిగే గుర్రాలకి అంతకంటే మంచి చోటు ఈ ఊళ్ళో ఉందా? అవమానం చేద్దామనుకుని వరమిచ్చింది మహాతల్లి."

టీమెన్ నవ్వలేదు. సంచీలోంచి ఒక సీసా తీశాడు. "మా భాండాగారంలో వాడే వార్నిష్. దీన్ని మించింది లేదు. రంగు ఇరవై ఏళ్ళయినా వెలవెలబోదు. నీ గుర్రాలు... అవి పాడవకూడదు. అంతే."

హత్య అన్నవాడి నోట్లోంచి ఆ మాట వచ్చేసరికి మారిట్‌కి ఒళ్ళంతా వెచ్చబడింది. ప్రదర్శనకని సిద్ధం చేసిన పన్నెండు గుర్రాల ఒంటికీ ఆ వార్నిష్ రెండేసి పూతలు వేసి, ఆరగానే పెట్టెల్లో సర్దేసింది. అతనంటే ఇష్టమని ఆ రోజు తనకి తాను ఒప్పుకుంది. వాదించే ఓపిక లేక.

ప్రదర్శన రోజు తొమ్మిదిన్నరకి మ్యాట్ల మీద నల్లగుడ్డ పరిచి పన్నెండింటినీ వరసగా నిలబెట్టింది. పెద్ద దీపం కింద పావుగంట ఉంచింది. దీపం ఆర్పింది.

పన్నెండు జూలులూ పన్నెండు తోకలూ గాల్లో వెలిగాయి. వాటి మధ్య గుర్రాల్లేవు.

మళ్ళీ దీపం, మళ్ళీ చీకటి. ఒంటి మీద ఎంతో కష్టపడి వేసిన నక్షత్రాలూ అలలూ బూడిదలా ఒక క్షణం కనిపించి పోయాయి. మారిట్ పెట్టెలో వార్నిష్ కోసం వెతికింది. సీసా తీసి చదివింది. వెలుతుర్లో రంగుని తినేసే కిరణాలని ఈ పూత ఆపేస్తుందని రాసుంది. వెలిగే రంగు బతికేదే ఆ కిరణాలు తాగి. పాత పటాలకి మందు, ఈ గుర్రాలకి విషం.

సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర వెండి జుట్టు పెద్దావిడ, మెళ్ళో అధ్యక్షురాలి బిళ్ళతో నిలబడింది. "మా వాడు ఇటొచ్చాడా అమ్మాయ్? టీమెన్. మినిట్స్ పుస్తకం వాడి దగ్గరుంది. కార్యదర్శి లేకుండా సమావేశం ఎలా మొదలెట్టను?"

మారిట్ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. ఆవిడ వెనకే టీమెన్ పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"మీ అమ్మా?" అంది మారిట్.

"మారిట్, నేను..."

"పుట్టింటి పేరుతో సంతకం చేస్తుందన్నమాట, అందుకే నీ ఇంటిపేరుతో కలవలేదు. పదహారు శనివారాలు నా బిస్కెట్లు తిన్నావు. ఒక్కసారి నోరు పెగల్లేదు. పైగా ఈ సీసా!"

"అమ్మ సంగతి చెప్తే తలుపు మొహమ్మీద వేస్తావని భయపడ్డాను. అది నిజం, నా తప్పే. కానీ సీసాకేమైంది?"

ఆమె దీపం ఆర్పింది. గాల్లో తేలే జూలులు చూసి టీమెన్ చీకట్లోనే ఒక గుర్రం వీపు తడిమాడు. పటాలు తెలిసినవాడు, కారణం వెతుక్కోనక్కర్లేకపోయింది.

"వెలుతురు తగలకుండా చూడ్డం ఒక్కటే నాకొచ్చిన పని," అన్నాడు చివరికి. "ఇష్టమైనవాటికి అదే చేస్తాను. నువ్వు చేసినవి కదా అని..."

"అద్దాల్లేకుండానే బీరువాలో పెట్టేశావు."

దీపం వేసింది. హెండ్రికా గుమ్మంలోనే ఉంది. "సామాను సర్దుకో అమ్మాయ్. అర్జీ వచ్చే ఏడాది చూద్దాం. చూపించడానికేం లేనప్పుడు ఓటెందుకు?" ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. అదే మారిట్‌కి ఇంకా మండింది.

"సర్దను. టైమెంత?"

"పది."

"గంటుంది. ఈ గుర్రాలు పదకొండింటికి వెలుగుతాయి. మీరూ వచ్చి చూస్తారు."

పెట్టెలోంచి వెలిగే రంగు డబ్బా తీసి మూత విప్పింది. వార్నిష్ మీదే వేసెయ్యాలి. నక్షత్రాలకి టైమ్ లేదు. పొట్ట, వీపు, కాళ్ళు, ఎక్కడికక్కడ గీతలు. ఒక గుర్రం అయింది. పన్నెండింటికి ఒక చెయ్యి చాలదని రెండోదాని దగ్గరే తెలిసింది. అయినా ఆపలేదు. కళ్ళు మసకబారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ గీసింది.

పక్కన మ్యాట్ కుంగింది. టీమెన్ మినిట్స్ పుస్తకం కింద పెట్టి కుంచె తీశాడు.

"నీతో మాట్లాడను," అంది మారిట్.

"మాట్లాడకు. కాలు ఎక్కడ మొదలవుతుందో చెప్పు."

"టీమెన్!" హెండ్రికా గొంతు హాల్లోకి వినిపించింది. "ఆ కుంచె కింద పెట్టు. ముప్పై ఏళ్ళుగా ఈ క్లబ్బుని ఎలా నిలబెట్టానో నీకు తెలుసు. గుర్రం మీద రంగేసిన కార్యదర్శి ఈ క్లబ్బులో ఇంతవరకూ లేడు."

అతను కుంచె దించలేదు. గుర్రం వీపు మీద గీత వంకర పోయింది. "ఇవాళ్టినుంచి ఉన్నాడమ్మా. ఇష్టం లేకపోతే పుస్తకం తీసుకో."

ఆవిడ పుస్తకం తీసుకోలేదు. తలుపు మాత్రం దగ్గరగా వేసి వెళ్ళింది.

పదకొండుకి అయిదు నిమిషాలుందనగా ఆఖరి గుర్రాన్ని హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, దీపం కింద పెట్టి, తలుపులు తెరిచారు. జనం పదిమంది చొప్పున లోపలికొచ్చారు. దీపం ఆరింది. చీకట్లో పన్నెండు గుర్రాలు నిలబడి ఉన్నాయి. ఆరు మెరుపుతీగల్లా ఉన్నాయి. ఆరు మాత్రం వంకరకాళ్ళతో, ఆవులో కుక్కలో తెలియకుండా ఉన్నాయి. ఎవరో ముసలాయన "ఇంకోసారి ఆర్పమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు, తర్వాత అందరూ అదే అడిగారు. హెండ్రికా ఆఖరున వచ్చి, ఆఖరున వెళ్ళింది. సమావేశం అరగంట ఆలస్యంగా మొదలైంది.

ఓటింగులో ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. వద్దన్న చేతులు నలభై. హెండ్రికా తన చెయ్యి ఎటూ ఎత్తకుండా రెండుసార్లు లెక్కపెట్టి చెప్పింది. "అర్జీ వీగిపోయింది."

మారిట్ ఈసారి గోడవైపు తిరగలేదు.

ఆ దేశంలో ఏ సమావేశమైనా ఆఖరున ఒక వంతు ఉంటుంది. ఎవరికైనా ఇంకేమైనా అడగాలని ఉందా అని అధ్యక్షులు అడిగి తీరాలి. అడిగిన ప్రతి ప్రశ్నా, చెప్పిన ప్రతి జవాబూ పుస్తకంలో ఎక్కాలి. హెండ్రికా అడిగింది.

మారిట్ లేచింది. "నాది ప్రశ్న కాదు, కబురు. వచ్చే ఏడాది మళ్ళీ అర్జీ పెడతాను. ఆ పై ఏడాదీ పెడతాను. బల్ల ఇచ్చేదాకా మ్యాట్ల గదిలోనే ఉంటాను. రాసుకోండి."

వెనక బెంచీల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇందాక మళ్ళీ ఆర్పమని అడిగి, ఓటులో వద్దని చెయ్యెత్తిన ముసలాయనే.

"ఇంకెవరైనా?"

"నాదొకటి," అని కార్యదర్శి లేచాడు. చేతినిండా పచ్చరంగు, కళ్ళజోడు మీద కూడా. "మారిట్‌ని అడుగుతున్నాను. నేను మూర్ఖుణ్ణి, పిరికివాణ్ణి, గుర్రానికి కాళ్ళు కూడా వెయ్యడం రాదు. నువ్వంటే ప్రాణం. వచ్చే ఏడాది ఆ గదిలో ఇంకొకరికి చోటుందా?"

హెండ్రికా కొడుకుని చూసింది. "ఇది కూడా మినిట్స్‌లో రాయాలా?"

"సమావేశంలో అడిగిన ప్రశ్న. రాయాల్సిందే," అన్నాడు టీమెన్, చెవులు ఎర్రబడుతుండగా రాసుకుంటూ.

"అయితే జవాబూ ఎక్కాలి. నిబంధన. ఏమంటావమ్మాయ్?"

మారిట్ బెంచీల మధ్యనుంచి నడిచి వెళ్ళింది. టీమెన్ చేతిలో కలం లాక్కుంది. ప్రశ్న కిందే ఒక వాక్యం రాసి, పుస్తకం తీసుకెళ్ళి అధ్యక్షురాలి ముందు పెట్టింది.

హెండ్రికా కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివింది. "చోటుంది. కానీ వచ్చే ఏడాది దాకా ఎవడాగుతాడు?"

హాలు గొల్లుమంది. ఆవిడ సుత్తితో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి అందరినీ ఊరుకోబెట్టింది. "దీనికి కూడా ఓటు పెడుతున్నాను," అంది. "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

అందరికంటే ముందు లేచింది ఆవిడ చెయ్యే.