పదిహేను కిలోల రాడ్డు

కోతకు ముందు చెరకు తోటలు తగలబెట్టిన మర్నాడు పల్మీరా ఊళ్ళో ఎవరి పెరడూ శుభ్రంగా ఉండదు. ఓర్ఫిలియా తీగ మీది బట్టల్ని ఒక్కొక్కటీ దులిపి, నల్లటి మసి పొరల్ని నోటితో ఊదేస్తోంది. చేత్తో తుడిస్తే మరక పడుతుందని ఆమెకు తెలుసు. కొడుకు నెవార్డో వంటింటి గుమ్మంలో నిలబడి వేడి బెల్లం నీళ్ళు తాగుతున్నాడు.

"శనివారం నీకు పనుందా?" అంది ఆమె, తల తిప్పకుండానే.

"ఏం?"

"కాలీ పట్నం వెళ్ళాలి. రాడ్డు కొనాలి. బరువులెత్తే రాడ్డు. మన రేకుల కింద చోటుంది కదా, అక్కడ పెట్టుకుందాం. ఏది మంచిదో నువ్వైతే చూసి చెప్తావని."

నెవార్డో చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

"నాకు తీరదు," అన్నాడు. గ్లాసు తొట్టిలో పెట్టి, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

ఆరేళ్ళ కిందట మెడెయిన్‌లో జరిగిన జాతీయ పోటీల్లో అతను మూడుసార్లు రాడ్డు ఎత్తబోయాడు. మూడుసార్లూ అది చేతుల్లోంచి జారి కింద పడింది. కింద పడ్డ చప్పుడు అతనికి ఇప్పుడు గుర్తు లేదు. గుర్తున్నదల్లా, తలెత్తి చూసినప్పుడు గ్యాలరీలో కనిపించిన అమ్మ మొహం. పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టి, తన వైపు కాకుండా రాడ్డు వైపు చూస్తున్న మొహం. ఆ మొహాన్ని అతను ఎన్నిసార్లు తలుచుకున్నా అర్థం ఒక్కటే తేలేది. సిగ్గు. కొడుకును చూసి తల్లి పడ్డ సిగ్గు. ఆ తర్వాత అతను మళ్ళీ రాడ్డు ముట్టుకోలేదు. ఫ్రిజ్జులు బాగుచేసే పని నేర్చుకున్నాడు.

"ఊళ్ళో ఫ్రిజ్జులన్నీ బాగుచేస్తావు, ఇంట్లో నీ మొహం మాత్రం ఎప్పుడూ గడ్డకట్టే ఉంటుంది," అంది భార్య లీసెత్, వీధి తలుపు దగ్గర. "అత్తయ్య ఏమడిగిందని? కాస్త తోడు రమ్మంది, అంతేగా."

"నీకు తెలీదు. నన్ను మళ్ళీ అందులోకి లాగాలని చూస్తోంది."

"అబ్బో! లోకమంతా నీ చుట్టూనే తిరుగుతోంది మరి," అని లీసెత్ అతని చొక్కా కాలర్ మీది మసిని ఊదేసి లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం అత్తాకోడళ్ళిద్దరూ బస్సెక్కి వెళ్ళొచ్చారు. ఏం కొన్నారని అతను అడగలేదు. ఆదివారం పొద్దున పెరట్లోంచి ఇనుము నేలకు తగిలిన చప్పుడు వినబడి లేచాడు. ఆ చప్పుడుకు నిద్రలోనే అతని భుజాలు బిగుసుకున్నాయి. అదే అతనికి ఎక్కువ కోపం తెప్పించింది.

రేకుల కింద కొత్త నల్లటి రాడ్డు పడి ఉంది. పక్కన ఓర్ఫిలియా, మెడ చుట్టూ తువ్వాలు వేసుకుని, రొప్పుతూ నిలబడి ఉంది.

"నాకొద్దని చెప్పాను కదమ్మా! ఇంకా ఎన్నాళ్ళు సాధిస్తావు నన్ను?"

"నీకని ఎవరన్నారు?"

"మరెవరికి? లీసెత్‌కా?"

"నన్ను మధ్యలోకి లాగకు బాబూ," అంది లీసెత్ వంటింట్లోంచి. "నాకు గ్యాస్ బండ ఎత్తడమే ఎక్కువ."

"నాకు," అంది ఓర్ఫిలియా.

నెవార్డోకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆ నవ్వు బయటికి వచ్చాక గానీ అదెంత చెడ్డదో అతనికి తెలియలేదు. ఓర్ఫిలియా మొహం తుడుచుకోవడానికి తువ్వాలు తీసింది. గడ్డం కింద, గొంతు మీద అడ్డంగా ఎర్రగా గీరుకుపోయి ఉంది. చర్మం లేచి, అక్కడక్కడా నెత్తురు చుక్కలు కనిపిస్తున్నాయి.

అతను వంగి రాడ్డు మధ్యభాగాన్ని బొటనవేలితో రుద్దాడు. ఆకురాయిలా గరుగ్గా ఉంది.

"ఇది ఈ పనికి కాదమ్మా. వీపు మీద పెట్టుకుని గుంజీలు తీసేవాళ్ళది. జారకుండా మధ్యలో కూడా గరుకు పెడతారు. భుజాల మీదికి లాక్కుంటే గొంతు కోసుకుపోతుంది. ఎవడిచ్చాడు నీకిది?"

"ఎవరూ ఇవ్వలేదు. నేనే ఏరుకున్నాను. అన్నిట్లోకీ గరుగ్గా ఉన్నది ఇమ్మన్నాను."

"ఎందుకు?"

"ఆ రోజు నీ చేతుల్లోంచి జారింది కదా. నా చేతుల్లోంచి జారకూడదని."

'ఆ రోజు' అన్న మాట ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు. నెవార్డో నేల మీదే కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ అడగనిది అప్పుడు అడిగేశాడు, దాదాపు అరుస్తూ.

"ఆ రోజు నీ మొహం చూశానమ్మా. సిగ్గుతో చచ్చిపోయావు కదూ? చెప్పు, పర్లేదు."

ఓర్ఫిలియా అతన్ని వింతగా చూసింది. "సిగ్గా? ఎవరు చెప్పార్రా నీకు? నాకు ఆ రోజు కుళ్ళు పుట్టింది."

"కుళ్ళా?"

"కుళ్ళే. ఎనిమిదేళ్ళు మన ఊరి వ్యాయామశాల గ్యాలరీలో ఒళ్ళో చొంతదూరో పళ్ళ బేసిన్ పెట్టుకుని కూర్చున్నాను. వాటికి ఉప్పూ తేనే రాసి అమ్ముకుంటూ నీ సాధన చూసేదాన్ని. నువ్వు లాగితే నా భుజాలు లేచేవి. నువ్వు రాడ్డుతో కిందికి కూర్చుంటే నా మోకాళ్ళు వణికేవి. నువ్వు ఇంట్లో లేనప్పుడు చీపురు కర్రతో చేసేదాన్ని, లీసెత్‌ని అడుగు. మెడెయిన్‌లో అది మూడోసారి కింద పడ్డప్పుడు దూకి దాన్ని పట్టుకోవాలనిపించింది. ఒక్కసారి, ఒక్కసారి నేను ముట్టుకుంటే... అనిపించింది. అక్కడ నా బిడ్డ ఏడుస్తున్నాడు, నేనేమో ఇలా అనుకుంటున్నాను. ఇదేం తల్లిని? అందుకే పెదవి కొరుక్కున్నాను. నువ్వు చూసింది అదే."

నెవార్డో ఆరేళ్ళుగా తను మోస్తున్నది అమ్మ పడ్డ సిగ్గు అనుకున్నాడు. ఆమె దగ్గర అలాంటిదేమీ లేదు. గుండె తేలికపడింది. ఆ వెంటనే ఏదో చిన్నతనంగా కూడా అనిపించింది. తను ఓడిపోవడం కూడా అమ్మకు అన్నిటికన్నా పెద్ద విషయం కాదు. ఆమె మనసులో తనకు చోటు లేని గది ఒకటి ఉందని, తను పుట్టకముందు నుంచీ ఉండి ఉంటుందని, ముప్పయ్యేళ్ళకు దగ్గరపడుతున్న ఈ వయసులో మొదటిసారి తోచింది. కళ్ళు చెమ్మగిల్లాయి. లేచి లోపలికెళ్ళి, పసుపుపచ్చ మందు సీసా, దూదీ, పట్టీ తెచ్చాడు.

"తలెత్తు," అన్నాడు. "మంట పుడుతుంది."

"చిన్నప్పుడు నీకు రాస్తే ఊరు ఊరంతా వినబడేలా అరిచేవాడివి," అంది ఆమె. తను మాత్రం అరవలేదు.

సోమవారం అతను పని మానేసి, ఆ రాడ్డును లీసెత్ తమ్ముడి బండిలో వేసుకుని, దాన్ని మార్చడానికి తల్లితో కాలీలోని దుకాణానికి వెళ్ళాడు. దుకాణంవాడు నెవార్డో భుజాలు చూసి, "మీకైతే ఇదిగో, ఇరవై కిలోలది," అని లేచాడు.

"మా అమ్మకి," అన్నాడు నెవార్డో.

దుకాణంవాడు ఆమె గొంతు మీది పట్టీ చూసి, ఇంకేం అడగకుండా పక్కకు తప్పుకున్నాడు. నెవార్డో ఒక్కో రాడ్డూ దించి, బరువులెక్కించే చివరను అరచేత్తో తిప్పి వదిలాడు. కొన్ని రెండు చుట్లు తిరిగి గీరుకుంటూ ఆగాయి. ఒకటి మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.

"ఇలా తిరగాలమ్మా. పైకి లాక్కుని మోచేతులు తిప్పినప్పుడు రాడ్డు నీ చేతిలో తిరుగుతుంది. బరువులు దాంతోపాటు తిరక్కూడదు. తిరిగాయా, నీ మణికట్టు పోతుంది. ఇప్పుడు పట్టుకో. అలా కాదు, బొటనవేలు లోపల పెట్టి, దాని మీద వేళ్ళు ముయ్యి."

అది పదిహేను కిలోలది, ఆడవాళ్ళ కోసం సన్నగా చేసింది. మధ్యలో నున్నగా ఉంది. ఓర్ఫిలియా వేళ్ళు బొటనవేలి మీద పూర్తిగా మూసుకున్నాయి. ఆమె తన చేతినే కొత్తగా చూసుకుంది. అంతలోనే పక్కనున్న ఇరవై కిలోల రాడ్డు మీద చెయ్యి వేసింది.

"ఇది తీసుకుందాంలే."

"నీ వేళ్ళు అందవు దానికి."

"ఎలాగో సర్దుకుంటాను. ఇదైతే... ఎప్పుడైనా నువ్వు కూడా..."

అన్నం దగ్గర తన పళ్ళెంలోని మాంసం ముక్కను అతని పళ్ళెంలోకి తోసేటప్పుడు కూడా ఆమె ఇలాగే మాట సగంలో ఆపేస్తుంది. నెవార్డో ఆమె చేతిని మెల్లగా ఆ రాడ్డు మీంచి తీసేశాడు.

"నాక్కావాలంటే నేను వచ్చి కొనుక్కుంటానమ్మా. ఇవాళ నీది కొంటున్నాం."

ఓర్ఫిలియా కాళ్ళు ఎడం చేసి సన్నటి రాడ్డు దగ్గర వంగింది. "నడుము వంచకు," అన్నాడు అతను. "తెలుసులే, నోర్ముయ్," అంది ఆమె. ఒక్క ఊపున లాగి, మోచేతులు ముందుకు విసిరింది. రాడ్డు ఆమె భుజాల మీదికి వచ్చి, గొంతుకు తగలకుండా నిలిచింది.

దుకాణంవాడు దగ్గరికి రాబోతే నెవార్డో చెయ్యెత్తి ఆపాడు.

"చాలమ్మా, ఇక దించు."

"ఉండరా," అంది ఓర్ఫిలియా, ఎదురుగా గోడ వైపు చూస్తూ. "ఇంకాసేపు."