మూడో మెషిన్ మీది కార్డు

వీరబ్రహ్మాన్ని ఇసుక లారీ చంపిందని కాగితాల్లో రాసుకున్నారు. అబద్ధం. మీరు చంపారు. మెషిన్ దగ్గర ఒక్క షిఫ్టు కూడా నిలబడకుండా, ఏసీ గదిలో కూర్చుని, మెషిన్లలో ఉన్న ప్రోగ్రామ్‌లన్నీ చెరిపెయ్యమని ఆర్డర్ వేసిన మీరు. ఆ ఆర్డర్ కింద సంతకం పెట్టిన, ఆ ఫ్యాక్టరీ భద్రత చూసే సీక్రెట్ ఏజెంట్ శరత్‌చంద్ర కూడా. ఇది అతని కథే. అలాగని అతన్ని హీరో అంటే మాత్రం ఒప్పుకునేది లేదు.

మే నెల, గురువారం, పొద్దున్న పది గంటలు. భీమవరం, ఉండి రోడ్డు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో లోహం కోసే సీఎన్‌సీ మెషిన్ ఆపరేటర్ వీరబ్రహ్మం సైకిల్ మీద ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు. రాంగ్ సైడ్‌లో వచ్చిన లారీ గుద్దేసి, ఆగకుండా పోయింది. నంబర్ ప్లేటు మీద బురద. ఎండాకాలంలో బురద ఎక్కడిదని పోలీసులు అడగలేదు.

మర్నాడు పదకొండింటికి రాజమండ్రి పక్కన కడియంలో శరత్‌చంద్రకి బ్రీఫింగ్. పైకి అది పూలమొక్కల నర్సరీ. క్రోటన్ కుండీల వెనక షెడ్డులో చీఫ్ అనంతకృష్ణ మ్యాపు మీద వేలు పెట్టాడు.

"తుఫాను రేపు తీరం దాటుతుంది. నాటు పడవల్లో వేటకెళ్ళిన రెండొందల మంది సముద్రంలో ఉండిపోయారు. సాయంత్రం నాలుగింటికి కాకినాడ నుంచి పన్నెండు రెస్క్యూ బోట్లు బయల్దేరతాయి. వాటి ఫ్యూయల్ పంపుల్లో వాల్వ్‌లు మన భీమవరం ఫ్యాక్టరీవి. కొత్త బ్యాచ్."

"ప్రాబ్లం ఏంటి సార్?"

"విదేశీ ముఠా మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. రెండే మాటలు. లోతు మారింది."

"ఏ లోతు?"

"అదే తెలీదు. ఆ వాల్వ్‌లో నలభై కొలతలున్నాయి. ప్రోగ్రామ్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంది. డ్రాయింగూ అందులోనే. రెండూ మార్చేశాక ఇన్‌స్పెక్షన్ వాళ్ళు దేంతో పోల్చి తప్పు పడతారు?"

"బ్యాకప్?"

"రోజూ ఆ తప్పునే కాపీ కొట్టుకుంటూ పోయింది. వారం దాటిన కాపీ ఉండదు."

"మెషిన్లలో లోకల్ కాపీలు..." శరత్‌చంద్ర ఆగిపోయాడు.

"జనవరిలో చెరిపించావుగా."

ఆ ఆర్డర్ వెనక కారణం లేకపోలేదు. అంతకుముందు ఏడాది ఒకే వాల్వ్‌కి మూడు మెషిన్లలో మూడు వెర్షన్లు దొరికాయి. వందల పీసులు తుక్కులోకి పోయాయి. అందుకని ఒకే ఫైలు, ఒకే చోటు, ఒకే తాళం అన్నారు. తాళం ఎవరి చేతిలో పెడుతున్నామని మాత్రం ఎవడూ అడగలేదు.

"పాత బ్యాచ్ పంపులు కాకినాడ స్టోర్‌లో ఉన్నాయి. విప్పి వాల్వ్ కొలిచే సరంజామా అక్కడ లేదు. మార్చడానికి రెండు గంటలు," అన్నాడు అనంతకృష్ణ. "తుఫాను ముందు రెండు గంటలు ఆగాలంటే కమాండర్ రుజువు అడుగుతున్నాడు. అసలు ప్రోగ్రామ్ ఎక్కడన్నా ఒక్క కాపీ ఉంటే పట్రా. లేదంటే ఆ బోట్లు నడిసముద్రంలో ఆగిపోతాయి."

ఒక పరికరం చేతిలో పెట్టాడు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచే మీటర్‌లా ఉంటుంది. లోపల కార్డ్ రీడర్, శాటిలైట్ లింక్.

ఫ్యాక్టరీ ముందు షెడ్డులో చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి గేర్లు చేస్తారు. అందుకే శరత్‌చంద్ర చెరువుల వ్యాపారి వేషం వేశాడు. తెల్ల చొక్కా, రెండు వేళ్ళకి ఉంగరాలు, చేతిలో మీటర్. ఒంటిగంటన్నరకి గేటు దాటాడు. ఐటీ హెడ్ సుప్రియ ఎదురొచ్చింది. ముత్యం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు. ఆమె ఏజెన్సీ మనిషే. ఆ ఫ్యాక్టరీలో ఆమెను పెట్టింది శరత్‌చంద్రే. ఈ ఏడాది పెళ్ళి చేసుకుందామనుకున్నదీ ఆమెనే.

"మీ చెరువులో ఆక్సిజన్ ఎంతుందండి?"

"నాలుగున్నర. తెల్లారేసరికి తగ్గుద్ది."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది.

"కేసు క్లోజ్ చేసెయ్ శరత్. ముఠాకి ప్రోగ్రామ్ అమ్మింది వీరబ్రహ్మమే. ఇంట్లో రహస్యంగా కాపీలు దాచాడని నేనే సస్పెండ్ చేశాను. పోయినవాడు ఎలాగూ నోరు విప్పడు."

"లోకల్ కాపీ ఒక్కటన్నా మిగిలిందా?"

"పదకొండు మెషిన్లూ, లాకర్లూ, సొరుగులూ నా చేత్తో క్లీన్ చేశాను. నువ్వు చెప్పినట్టే."

"వాళ్ళావిడతో మాట్లాడాలి."

"ఏడుపు తప్ప ఏం ఉంటుందక్కడ?"

అయినా వెళ్ళాడు. ఎందుకంటే ఒక విషయం అతను చీఫ్‌కి కూడా చెప్పలేదు. ఇరవై రోజుల క్రితం వీరబ్రహ్మం ఏజెన్సీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. ఎత్తింది శరత్‌చంద్ర.

కాలవ గట్టు మీద రెండు గదుల ఇల్లు. వాకిట్లో బంధువుల చెప్పులు. వీరబ్రహ్మం భార్య లోవలక్ష్మి గోడకి ఆనుకుని కూర్చుంది. ఆమెదీ ఆ ఫ్యాక్టరీయే. కోసిన పీసుల అంచుల్లో మిగిలిన రజను ఊది, గీకి శుభ్రం చేసే బల్ల దగ్గర పన్నెండేళ్ళుగా పని.

"అమ్మా, నేను..."

"చెప్పక్కర్లేదండి. మీ గొంతు విన్నాను. ఫోను స్పీకర్‌లో పెట్టాడు మా ఆయన."

శరత్‌చంద్ర వేళ్ళ ఉంగరాలు తీసి జేబులో వేసుకున్నాడు.

"వాల్వ్‌లో ఆ గాడి కోసేటప్పుడు టూలు ఒక్క క్షణం ఎక్కువ ఏడుస్తోందండి, లోతు మారిందండి అని చెప్పాడు. మీరేమన్నారో గుర్తుందా అండి?"

గుర్తుంది. నెట్‌వర్క్‌లో ఉన్నదే ఫైనల్ అన్నాడు. మీ దగ్గర వేరే కాపీ ఉంటే అది నేరం అన్నాడు. తర్వాత ఆ కంప్లైంట్‌ని, పేరూ అడ్రసుతో సహా, చెక్ చెయ్యమని సుప్రియకి మెయిల్ కొట్టాడు.

"తప్పు నాదమ్మా."

"మీదొక్కరిదే అయితే బావుండేదండి." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. "అసలు ప్రోగ్రామ్ ఉందండి. మూడో మెషిన్ మీద, అమ్మవారి పటం వెనకాల."

ఆ షాపులో అదొక అలవాటు. దసరా ఆయుధ పూజ నాడు, ఆ ఏడాది బాగా కుదిరిన ప్రోగ్రామ్‌ని ఆపరేటర్ ఒక మెమరీ కార్డులోకి ఎక్కించి, పసుపు గుడ్డలో చుట్టి, తన మెషిన్ మీది పటం వెనక పెడతాడు. మళ్ళీ దసరాకే దించాలి. సుప్రియ మనుషులు సొరుగులన్నీ ఊడ్చారు గానీ, బూట్లు వేసుకుని అమ్మవారి పటం మీద చెయ్యి వెయ్యడానికి ఒక్కడూ సాహసించలేదు.

"ఆయన్ని గేట్లోకి రానివ్వట్లేదుగా. నువ్వు పట్రావే, నువ్వు రోజూ లోపలికెళ్తావుగా అని మంగళవారం అడిగాడండి. దసరా రాకుండా కదిపితే ఇంటి యజమానికి అరిష్టం, నేను ముట్టుకోను అన్నాను. బుధవారం మళ్ళీ అడిగాడు. నేను తేలేదండి. గేటు దగ్గర కాళ్ళన్నా పట్టుకుని లోపలికెళ్తానని గురువారం తనే బయల్దేరాడు."

లోవలక్ష్మి లేచి చీర కొంగు సర్దుకుంది.

"పదండి. నిన్న మొగుడు పోయినది గడప దాటకూడదంటారు. దాటుతాను. ఇంకెవరికి అరిష్టమొస్తదో చూద్దాం."

వాచ్‌మన్ ఆమెను చూసి తలొంచుకున్నాడు. ఆపలేదు. షాపులో మనుషులు ఒక్కొక్కరే మెషిన్లు ఆపేశారు. టైము మూడు ముప్ఫై ఐదు. ఆమె చెప్పులు విప్పి, స్టూలెక్కి, పటం వెనక చెయ్యి పెట్టింది. పసుపు గుడ్డ. కుంకుమ అంటిన కార్డు. శరత్‌చంద్ర దాన్ని మీటర్‌లో దూర్చి, నెట్‌వర్క్ ఫైలుతో పోల్చి చూశాడు. స్క్రీన్ మీద రెండు వరసలు కిందికి పరిగెత్తి, 480వ లైను దగ్గర ఆగిపోయాయి. కార్డులో గాడి లోతు రెండు పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు. నెట్‌వర్క్‌లో రెండు పాయింట్ నాలుగు.

నాలుగు వెంట్రుకల మందం తేడా. ప్రెజర్ పెరిగితే అక్కడే వాల్వ్ గోడ చీలుతుంది.

"మీటర్ ఇలా ఇచ్చెయ్ శరత్."

సుప్రియ. లాప్‌టాప్ బ్యాగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"నువ్వా?"

"నేనే. మొదటినుంచీ. ఒకే తాళం అన్నావు, ఆ తాళం నాకిచ్చావు. నా పని ఇంత సులువవుతుందని వాళ్ళు కూడా అనుకోలేదు."

"లారీ?"

"పేరూ అడ్రసూ నువ్వేగా పంపావు."

ఆ క్షణంలో కదిలింది శిక్షణ పొందిన ఏజెంట్ కాదు. స్టూలు దిగి తన బల్ల పక్కన నిలబడ్డ లోవలక్ష్మి, రజను ఊదే ఎయిర్ గన్ అందుకుని, బల్ల మీది ఇనప పొడిని సూటిగా సుప్రియ ముఖం మీదకి ఊదింది. కళ్ళద్దాలు ఎగిరిపోయాయి. తూటా పైకప్పు రేకులో దిగింది. శరత్‌చంద్ర పిస్టల్‌ని కాలితో తన్నేశాడు. ఆపరేటర్లు సుప్రియ చేతులు విరిచి పట్టుకున్నారు.

మూడు యాభై ఎనిమిది.

"కాకినాడ? తాళ్ళు విప్పొద్దు. గాడి లోతు తప్పు. రుజువు పంపాను, చూడండి."

తర్వాత కమాండర్ గొంతు. "చూశాం. బోట్లు ఆపుతున్నాం."

పాత పంపులతో బోట్లు ఆరింటికి బయల్దేరాయి. వేటకెళ్ళిన రెండొందల మందీ తుఫానుకి ముందే ఒడ్డుకొచ్చారు. లారీ డ్రైవర్ దొరికాడు. చీఫ్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. శరత్‌చంద్ర దాని వెనక రాజీనామా రాసి పంపేశాడు. అంతకుముందు కాలవ గట్టు మీది ఇంటికెళ్ళి, కార్డు ఇంకా సాక్ష్యాల సంచీలోనే ఉందని చెప్పాడు.

"తిరిగి ఇస్తారా అండి?" అంది లోవలక్ష్మి. "దసరాకి పెట్టాలి."

అతను చెప్పులేసుకుని గట్టు దిగాడు.

మీ ఫైనల్ రిపోర్ట్‌లో ఈ రోజుకీ ఇలా ఉంది: వీరబ్రహ్మం, ఆపరేటర్, అనుమతి లేకుండా లోకల్ కాపీ దాచినందుకు సస్పెన్షన్, విచారణ పెండింగ్. రెండొందల ప్రాణాలు కాపాడిన కాపీ మీకింకా నేరమే.

నెట్‌వర్క్ డ్రైవ్ వద్దని ఎవరూ అనట్లేదు. దాన్ని ఒంటరిగా నమ్మొద్దంటున్నారు. ఆ సస్పెన్షన్ ఈ రోజే కొట్టెయ్యండి. లోవలక్ష్మి కార్డు ఆమెకిచ్చెయ్యండి. ప్రతి మెషిన్ దగ్గరా, ఆపరేటర్ స్వయంగా కోసి సరిచూసుకున్న కాపీ ఒకటి సీలు వేసి ఉంచండి. రోజూ కోత మొదలవకముందు రెండు ఫైళ్ళూ పోల్చండి, ఆపరేటర్ సంతకం పెడితేనే మెషిన్ ఆన్ చెయ్యండి. టూలు ఏడుస్తోందని ఎవడైనా ఫోన్ చేస్తే ముందు వెళ్ళి వినండి. ఇవన్నీ ఇప్పుడే చెయ్యండి. సర్వర్ డౌన్ అయిందని మాత్రం చెప్పకండి.