అటక మీద బదులు

అంబాజీపేట దాటి కాలవగట్టు పట్టుకుని లోపలికి వెళ్తే కొబ్బరితోటల మధ్య ఒక పాత పెంకుటిల్లు ఉంది. పొద్దుగూకాక ఆ ఇంటి ముందు నుంచి ఎవరూ వెళ్ళరు. వెళ్ళక తప్పకపోతే బండి హారన్ మోగించుకుంటూ వెళ్తారు. ఎందుకంటే... నిశ్శబ్దంగా వెళ్తే ఆ చప్పుడు వినపడుతుందట.

లొట... లొట... లొట...

ఆ చప్పుడేమిటో కోనసీమలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముదురు కొబ్బరికాయల్ని అటక మీద పోసి నెలల తరబడి వదిలేస్తే లోపలి నీళ్ళు ఇంకిపోతాయి. కొబ్బరి గుండులా ఎండి చిప్పని వదిలేస్తుంది. దాన్నే కురిడీ అంటారు. తయారైందో లేదో తెలియాలంటే కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లొటలొటమంటే కురిడీ. లేకపోతే ఇంకా పచ్చే.

ఆ ఇంటావిడ భవానీదేవిగారు బతికినన్నాళ్ళూ రాత్రి భోజనాలయ్యాక అటకెక్కి కాయలు ఊపి చూసుకునేదట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అటక ఖాళీ అయిపోయింది. ఊపడం మాత్రం ఆగలేదంటారు.

అలాంటి ఇంటిని నిఖిత కొంది.

నిఖితకి ఇంకా ముప్ఫై నిండలేదు. కొబ్బరినూనె తీయించి ఆన్‌లైన్లో అమ్ముతుంది. ఏ పనికైనా ముందు లెక్క కట్టుకునే పిల్ల. "దెయ్యం ఉందన్న పేరు వల్లే బేరం తెగింది. నాకు తగ్గింపు ఇప్పించింది ఆ దెయ్యమే," అని నవ్వేది. తలుపులకి నీలం రంగు వెయ్యాలని, ఎర్రగచ్చు మళ్ళీ మెరిపించాలని, నడిమిగదిలో ఉయ్యాలబల్ల వేలాడదియ్యాలని ఫోన్ నిండా బొమ్మలు గీసి పెట్టుకుంది.

అసలు కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ నాయనమ్మ కృపమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ వాకిట్లోనే గునపానికి కాయలు ఒలిచేది. ఏళ్ళ తరబడి ఒలిచింది. గడప దాటి లోపలికి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. ఆ నాయనమ్మకి అదే ఇంటి నడిమిగదిలో మంచం వెయ్యాలి. ఆదివారం పాస్టరుగారితో గృహ ప్రార్థన పెట్టించాలి. నిఖిత చేతిలో ఉన్నదంతా ఆ కోరిక మీదే పెట్టేసింది.

ఇల్లంతా ఆమెది కాదు. వెనకటికి అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇంటి నడుమ గోడ లేపేరు. గోడ అటక దాకా లేచి ఆగిపోయింది. దూలాలు రెండు వాటాలకీ ఒకటే కాబట్టి పైన గోడ కట్టడానికి వీల్లేక వెదురుతడిక కట్టి సరిపెట్టుకున్నారు. తూర్పువాటా పెద్దాయనది, అంటే భవానీదేవిగారిది. అదే ఇప్పుడు నిఖితది. పడమటి వాటాలో చిన్నాయన భార్య కాంతమ్మగారు కొడుకు శ్యామ్ బాబుతో ఉంటోంది.

పని చకచకా మొదలైంది. పెంకు మేస్త్రి సత్తియ్య పదిమందితో వచ్చి తూర్పువాటా మీద పాత పెంకంతా దించేశాడు. పుచ్చిన వాసాలు మార్చేడు. కొత్త కలపకి కాపలాగా ఇద్దరు కుర్రాళ్ళు అరుగు మీద పడుకున్నారు.

తెల్లారేసరికి వాళ్ళు లేరు. మర్నాడు పనికి ఎవరూ రాలేదు.

నిఖిత స్కూటర్ తీసుకుని సత్తియ్య ఇంటికి వెళ్ళింది.

"ఏమనుకోకండి అమ్మాయిగారూ. నేను దెయ్యాల్ని నమ్మనండి."

"మరైతే పనికి రండి."

"నమ్మనండి. భయమండి." సత్తియ్య గొంతు తగ్గించాడు. "పైన పెంకు లేదు, మనిషి లేడు. లొటలొటమందటండి. అది కూడా ఒకటి కాదు. ఒకటి అడిగినట్టు... ఇంకోటి చెప్పినట్టు. ఇద్దరండి బాబూ!"

"అది ప్రతిధ్వని సత్తియ్యగారూ."

"ప్రతిధ్వనో, భవానీదేవిగారో, ఎవరైతేనేం అండి. అదేమిటో మా అందరి ముందూ తేల్చండి. తేలిన రోజునే పెంకు పైకెక్కిద్దాం. ఆయ్."

బయటికొచ్చి ఫోన్ చూసుకుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం. ఎల్లుండి నుంచి భారీ వానలు.

ఆ ఇంటి గోడల్లో ఇటుకకీ ఇటుకకీ మధ్య ఉన్నది సిమెంటు కాదు, బంకమట్టి. పెంకు లేని గోడ మీద ఒక రాత్రి వాన పడితే చాలు. బరకాలు కప్పితే గాలికి ఎగిరి కాలవలో పడ్డాయి. ఎల్లుండిలోగా పెంకు ఎక్కాలి. ఎక్కకపోతే నడిమిగదీ లేదు, మంచమూ లేదు.

ఆ రాత్రి నిఖిత ఒక్కతే అరుగు మీద కూర్చుంది.

చాలాసేపు ఏమీ లేదు. కొబ్బరాకులు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మబ్బు కిందికి దిగినట్టు గాలి బరువుగా ఉంది. పోనీలే, అంతా కుర్రాళ్ళ భయమే అనుకుంటుండగా—

లొట... లొట.

వీపు మీద చెయ్యి వేసినట్టయింది. నిఖిత కదల్లేదు. ఊపిరి పీల్చి వదిలేంత సేపు గడిచింది.

లొట... లొట.

రెండోది కొంచెం బోలుగా ఉంది. కొంచెం దగ్గరగా కూడా.

ప్రతిధ్వనే, అనుకుంది. అనుకుంటూనే బుర్రలో లెక్క నడిచిపోయింది. అంత ఆలస్యంగా తిరిగి రావాలంటే శబ్దం కాలవ దాటి, అవతలి తోట దాటి వెళ్ళి రావాలి... లెక్క కుదరలేదు. దాన్ని అక్కడే వదిలేసి నిచ్చెన ఎక్కింది. రేపు సత్తియ్యకి చెప్పడానికి ఏదో ఒకటి కావాలి.

అటక మీద తన వైపు ఏమీ లేదు. తనే ఊడ్చిన పలకలు, తల మీద నల్లటి ఆకాశం. ఫోన్ లైటు ఆర్పేసి మోకాళ్ళ మీద తడిక దాకా పాకింది.

తడిక సందుల్లోంచి సన్నటి వెలుగు.

అవతల... ఎవరో మెల్లిగా ఊపిరి తీస్తున్నారు.

లొట... లొట.

తడిక పట్టుకుని ఒక్క తోపు తోసింది. పుచ్చిన తాళ్ళు తెగి తడిక దభీమని పడింది. తెల్లచీర. విరబోసిన నెరిసిన జుట్టు. చెవి దగ్గర కొబ్బరికాయ.

నిఖిత కెవ్వుమంది. ఆ తెల్లచీర అంతకంటే గట్టిగా కెవ్వుమంది.

"బాబోయ్! ఎవత్తివే నువ్వు?"

"నేనండీ... నిఖితనండి. పక్కవాటా కొన్నదాన్ని. మీరు... కాంతమ్మగారు కదూ?"

"ష్! అరిచి చావకు. మా శ్యామ్ బాబు లేస్తాడు." కాంతమ్మ గుండె పట్టుకుని పలకల మీద చతికిలబడింది. "ఒకసారి జారి పడ్డానని నిచ్చెన దాచేశాడే వాడు. బియ్యం డ్రమ్మెక్కి వస్తున్నా. తెలిస్తే డ్రమ్ము కూడా తీసేస్తాడు."

నిఖితకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చేయి. "ఊరంతా భవానీదేవిగారి దెయ్యం అంటోందండి మామ్మగారూ!"

"అననీ. భవాని పేరు చెబితే పైకెవడూ తొంగి చూడడు. నాకదే కావాలి."

"ఇంత రాత్రప్పుడు ఈ కాయలెందుకండి?"

కాంతమ్మ చేతిలోని కురిడీని ఒళ్ళోకి తీసుకుంది.

"గోడ లేపిన రోజు నుంచీ మా తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. తగాదా మగవాళ్ళది, నోరు కట్టుకున్నది మేము. ఒకరోజు నేనిక్కడ కాయ ఊపుతుంటే తడిక అవతల తనూ ఊపింది. మళ్ళీ ఊపేను. మళ్ళీ ఊపింది. అన్నం తిన్నావా అంటే, తిన్నానన్నట్టు... అంతే. తను పోయేదాకా మా మాటలన్నీ అవే."

"ఆవిడ పోయాక?"

"అలవాటు పోతుందా? ఊపుతూనే ఉన్నా. బదులెక్కడిదీ! ఇన్నేళ్ళూ లేదు." కాంతమ్మ మొహం మెల్లిగా విచ్చుకుంది. "నువ్వు పెంకు దింపిన రోజు నుంచే వస్తోంది. మొదటిరోజు గుండె ఆగినంత పనైందనుకో. తరవాత తట్టింది, కొత్తగా వచ్చిన పిల్ల ఊపుతోందని... నువ్వే కదూ?"

నిఖిత వెనక్కి చూసింది. ఖాళీ పలకలు. ఒక్క కాయ లేదు. కప్పు లేదు. శబ్దం తగిలి తిరిగి రావడానికి అసలు అక్కడ ఏమీ లేదు.

నోరు తెరిచింది. నేను కాదని చెప్పాలి. చెబితే ఈ ముసలావిడ ఇక్కడే కళ్ళు తేలేస్తుంది. పొద్దున్న సత్తియ్య ముందుకు వచ్చి, చప్పుడు నాదేనని చెప్పాల్సిన మనిషి ఈవిడొక్కతే. ఎల్లుండి వాన.

"ఆయ్... నేనేనండి."

"తెలుసు." కాంతమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పక్కనున్న నాలుగు కాయల్లోంచి ఒకటి ఏరి, చెవి దగ్గర ఊపి చూసి, నిఖిత చేతిలో పెట్టింది. "నీ కాయ మరీ పాతదే అమ్మాయ్. చప్పుడు నూతిలోంచి వచ్చినట్టుంటోంది. రేపట్నుంచి దీంతో ఊపు. మానకు, ఏం?"

"మాననండి. మరి పొద్దున్న మేస్త్రిగారితో ఒక్క మాట చెప్పాలండి మీరు."

తెల్లారేక కాంతమ్మ అరుగు మీద కూర్చుని, ఊపింది తనేనని, బదులిచ్చింది ఈ అమ్మాయేనని పదిమంది ముందూ ఒప్పుకుంది. నిఖిత తల వంచుకుని ఔనంది. శ్యామ్ బాబు తల పట్టుకున్నాడు. "డ్రమ్మెక్కేవా అమ్మా? ఆ మోకాళ్ళతో?" సత్తియ్య మాత్రం ఆవిడ కాఫీగ్లాసు వంక అదే పనిగా చూశాడు.

"దెయ్యం కాఫీ తాగుతోందర్రా. పంచదార కూడా వేసుకుంది. ఎక్కండెక్కండి!"

"నీ మొహం! దెయ్యానికి దణ్ణం పెట్టి మరీ ఎక్కు," అంది కాంతమ్మ.

ఆ రోజూ మర్నాడూ పెంకు పైకి పరుగెత్తింది. కింద నుంచి అందించేవాళ్ళు, మధ్యలో పట్టేవాళ్ళు, పైన పేర్చేవాళ్ళు. తడిక మళ్ళీ కొత్త తాళ్ళతో బిగించారు. శ్యామ్ బాబు ఆ కాయలన్నీ అటక మీంచి దించి తల్లి మంచం కింద పెట్టేడు. "పడుకునే ఊపుకో. పైకెక్కితే మాత్రం ఊరుకోను," అన్నాడు. నడికప్పు మీద ఆఖరి పెంకు పెట్టి సత్తియ్య నేల మీద కాలు మోపేసరికి మొదటి చినుకు పడింది.

సాయంత్రం వానలోనే కృపమ్మ వచ్చింది. గడప ముందు ఆగి, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, అలాగే నిలబడింది.

"లోపలికి రా నాయనమ్మా. ఇల్లు మనది."

"వస్తున్నానే... ఉండు," అంది కృపమ్మ. ప్రార్థన చేసుకుంటున్నట్టు పెదాలు కదిలేయి. తరవాత కుడికాలు లోపల పెట్టింది.

రాత్రి వాన జోరందుకుంది. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. నడిమిగదిలో మంచం మీద కృపమ్మ. పక్కన చాప మీద నిఖిత. దీపం ఆర్పేక మాట గుర్తొచ్చి, కాంతమ్మ ఇచ్చిన కురిడీ తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. బదులివ్వాలి. అబద్ధం ఆడింది కాబట్టి రోజూ ఇవ్వాలి. మంచిదే, ఇక నుంచైనా అది నిజమవుతుంది.

గోడ అవతల, మంచం కిర్రుమంది. తరవాత—

లొట... లొట.

నిఖిత చీకట్లో నవ్వుకుంది. రెండు చేతులతో కాయ పట్టుకుని చెవి దాకా ఎత్తబోయింది.

లొట... లొట.

పైనుంచి. కొత్త పెంకు కింద, తన అటక మీద నుంచి. బోలుగా. నూతిలోంచి వచ్చినట్టు.

గోడ అవతల కాంతమ్మ తృప్తిగా నిట్టూర్చింది. "ఆఁ... ఇంక పడుకో అమ్మాయ్."

వాన ఒక్కసారి సన్నబడింది. మంచం మీద కృపమ్మ కళ్ళు తెరిచే ఉంది. ఎప్పుడో వాకిట్లో రాత్రి పొద్దుపోయేదాకా కాయలు ఒలుస్తూ రోజూ విన్న చప్పుడు అది.

"భవానమ్మగారు ఇంకా నిద్రపోలేదా?" అంది మగతగా.

నిఖిత పైకి చూసింది. ఆమె చేతుల్లోని కాయ... అసలు కదలనే లేదు.