జ్వరం దిగిన రోజు

"తొంభై ఎనిమిది! నువ్వే చూడు, తొంభై ఎనిమిది!" అంటూ జయలక్ష్మి థర్మామీటరు తెచ్చి, హాల్లో కాఫీ తాగుతున్న కొడుకు ముక్కు దగ్గర పెట్టింది. "పౌర్ణమి పూటకి సరిగ్గా దింపేశాడు స్వామి. ఇంకా చూస్తావేంరా, మీ ఆవిడని లేపు. వ్రతం పది గంటలకి."

"నీరసంగా ఉందంటోంది కదమ్మా," అన్నాడు శ్యామ్, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

"జ్వరం పోయాక నీరసమేమిటి, నా మొహం!"

ఐదు రోజులుగా కోడలు హర్షిణి డెంగ్యూతో మంచం మీద ఉంది. క్లినిక్‌లో రోజూ రక్తపరీక్ష చేయించమన్నారు. నిన్న మధ్యాహ్నం ఒళ్ళు చల్లబడగానే, తగ్గిన జ్వరానికి మళ్ళీ సూదులెందుకని జయలక్ష్మి ఆపించేసింది. ఆవిడకి తెలిసిన వైద్యం అంతే. ఒళ్ళు కాలితే రోగం, చల్లబడితే ఆరోగ్యం.

పుప్పాలగూడలో ఈ ఫ్లాటు కొన్నాక చేస్తున్న మొదటి సత్యనారాయణ వ్రతం ఇది. దానికోసమే ఆవిడ తణుకు నుంచి నెల ముందు వచ్చి కూర్చుంది. యాభైమందిని పిలిచింది. దంపతులిద్దరూ పీటల మీద కూర్చోవాలి కదా! తన కొడుకు ఒంటరిగా కూర్చుంటే, ఆఫీసులో ప్రేమించి నానక్‌రామ్‌గూడ పిల్లని చేసుకున్నందుకు ఇదీ దక్కిందని చుట్టాలు నవ్వరూ? ఆ నవ్వు తలచుకుంటేనే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది.

గదిలోకి వెళ్ళి దుప్పటి లాగేసింది.

"అత్తమ్మా, కడుపుల బాగ నొస్తుంది. కూసుంటే కండ్లు తిరుగుతున్నయి."

"జ్వరం పోయింది, నాటకం మిగిలిందన్నమాట. నేనూ ఇద్దర్ని కన్నదాన్నే, పురుడైన నెలకి బావిలో నీళ్ళు తోడాను. లే!"

తానే బాత్‌రూమ్‌లో పీట వేసి కూర్చోబెట్టి, తలకి పోసింది. పిల్ల వణికిపోయింది. చేతులూ కాళ్ళూ మంచుముక్కల్లా ఉంటే, గీజరు సరిగా పనిచెయ్యడం లేదనుకుంది జయలక్ష్మి.

తొమ్మిదింటికి హర్షిణి తల్లి భూలక్ష్మి కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చింది. పట్టుచీరలో సోఫాకి జారగిలబడ్డ కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంది వదినా? బిడ్డ మొఖం గిట్ల పాలిపోయింది! జర కొబ్బరినీళ్ళు తాగిపిస్త."

"కథ పూర్తయి ప్రసాదం నోట్లో పడేదాకా మా ఇళ్ళల్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరండి."

"పానం బాగలేనోళ్ళకు గూడనా? నీళ్ళు తాగితె దేవుడు కోపం జేస్తడా?"

"దేవుడి సంగతి మాకు తెలుసు లెండి. మీ ఇంట్లో రెండు రోజులుండి వచ్చాకే కదా ఈ రోగం అంటించుకుంది. ఆ మురుక్కాలవ పక్కన పెరిగిన వాళ్ళకి దోమలు చుట్టాలు కావచ్చు, మాకు కాదు."

వంటవాళ్ళు కూడా విన్నారు. భూలక్ష్మి మొహంలో నెత్తురు చుక్క లేదు. శ్యామ్ "అమ్మా!" అన్నాడే గానీ, అంతలో ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ అంతే అతను.

"నువ్వు ఊకో అమ్మా," అంది హర్షిణి. "రెండు గంటలే గద. కూసుంట."

ఆ రెండు గంటలు కూడా కూర్చోలేదు. రెండో కథ నడుస్తుండగా ముందుకి ఒరిగి, కలశం ముందు నల్లగా కక్కుకుంది. ముక్కులోంచి రక్తం పట్టుచీర మీద పడింది. "అయ్యో, పీటల మీద!" అన్నది జయలక్ష్మి నోట వచ్చిన మొదటి మాట. కోడలి తల నేలకి తగిలిన చప్పుడు ఆ తర్వాతే వినిపించింది ఆవిడకి.

ఆసుపత్రిలో డాక్టర్ ఉమాశ్రీ చేతికి నాడి అందలేదు.

"జ్వరం దిగినప్పుడే ఈ రోగం అసలు పని మొదలుపెట్టేది," అందావిడ. "రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది. ఎప్పట్నుంచి కారుతోందో తెలిస్తే సెలైన్ ఎంత ఎక్కించాలో తెలుస్తుంది. తక్కువైతే గుండె ఆగుతుంది, ఎక్కువైతే ఊపిరితిత్తులు మునుగుతాయి. వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి?"

"పొద్దున్నే," అంది జయలక్ష్మి చటుక్కున.

"సరిగ్గా చెప్పండమ్మా. ఆ అమ్మాయి బతకడం దీనిమీదే ఉంది."

శ్యామ్‌కి ఏమీ తెలియదు. ఆమెకి జ్వరం వచ్చినప్పట్నుంచీ హాల్లోనే పడుకుంటున్నాడు. భూలక్ష్మి నిన్న ఆ ఇంట్లో లేనేలేదు. తెలిసినది ఒక్క జయలక్ష్మికే. చెబితే కొడుకు ముందు, వియ్యపురాలి ముందు పరువు పోతుంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది.

"నిన్న మధ్యాహ్నం మూడింటికి మొదటి వాంతి. చీకటి పడేలోపు ఇంకో రెండు. రాత్రి ఏడున్నరకి మూత్రానికి వెళ్ళింది, మళ్ళీ వెళ్ళలేదు. తొమ్మిదింటికి అరగ్లాసు మజ్జిగ తాగింది. ఆ తర్వాత చుక్క లేదు, నేనే ఇవ్వనివ్వలేదు. పొద్దున ఆరింటికి పళ్ళు తోముకుంటే రక్తం ఉమ్మింది. ఎనిమిదింటికి తలకి పోశాను. అప్పటికే చేతులూ కాళ్ళూ చల్లబడిపోయాయి."

డాక్టరు గబగబా రాసుకుంటూ, "ఇంత వివరంగా ఎలా గుర్తున్నాయండీ?" అని అడిగింది.

"నటిస్తోందేమోనని కనిపెట్టుకుని కూర్చున్నాను."

భూలక్ష్మి ఆవిడ మొహంలోకి చూసింది.

"రక్తం జూసి గూడ నీళ్ళు పోసినవా వదినా?"

శ్యామ్ దూరంగా వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మూడో రోజు ఉదయానికి గండం గడిచిందన్నారు. ఆ గంటలు చెప్పబట్టే సరిగ్గా ఎక్కించగలిగామని డాక్టరు అన్నప్పుడు, ఆ మెప్పు జయలక్ష్మికి చెంపదెబ్బలా తగిలింది. ఏమని క్షమాపణ అడగాలో రెండు రాత్రులు ఆసుపత్రి కుర్చీలోనే వల్లెవేసుకుంది. గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడింది.

హర్షిణి కళ్ళు తెరిచింది. అత్తగారిని చూసింది. వెంటనే సూది గుచ్చి ఉన్న చేతిని పరుపుకి ఆనించి, లేవబోయింది.

"లేస్తున్న అత్తమ్మా. రెండు నిమిషాలు. కోపం చెయ్యకుండ్రి."

"పండుకో బిడ్డా, పండుకో," అని భూలక్ష్మి భుజాలు పట్టుకుంది.

జయలక్ష్మి మంచం కమ్మీ పట్టుకుని కూలబడి భోరుమంది. "వద్దు తల్లీ, లేవకు! నిన్ను లేపడానికి రాలేదే, నీ కాళ్ళు పట్టుకోవడానికి వచ్చాను." భూలక్ష్మి ఒక చెయ్యి కూతురి భుజం మీదే ఉంచి, రెండో చేత్తో ఆవిడని పైకి లేపబోయింది.

హర్షిణి మాత్రం ఆ మాట నమ్మినట్టు లేదు. దుప్పటి కింద ఆమె కాళ్ళు ఇంకా మంచం దిగడానికే చూస్తున్నాయి.